పదమూడో అంకె

నా మొదటి నవల వెలువడిన మూడో వారంలో ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. మెచ్చుకుంటూనే మొదలుపెట్టారు. సంభాషణలు బాగున్నాయన్నారు, చివరి అధ్యాయం రెండుసార్లు చదివానన్నారు. ఆఖరున, గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగి అడిగినట్టు, ఒకే ఒక్క ప్రశ్న: "19వ అధ్యాయంలో తలుపు తీసిన పెద్దమ్మ 7వ అధ్యాయంలోనే చనిపోయింది కదా?"

పుస్తకం తెరిచి చూశాను. చనిపోయింది. ఆ చావుకు నేను మూడు పేజీలు ఖర్చుపెట్టాను, రాస్తూ రాస్తూ కళ్లు తుడుచుకున్నాను కూడా. పన్నెండు అధ్యాయాలు గడిచాక అదే మనిషి లోపలి గడియ తీసి, "ఇంత రాత్రివేళ ఎవరు బాబూ?" అని అడుగుతోంది. ఆ ఉత్తరానికి జవాబుగా నాకు మొదట తోచింది చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది. అది కథానాయకుడి భ్రమ అని, కావాలనే అలా రాశానని, జాగ్రత్తగా చదివితే తెలుస్తుందని అర పేజీ రాశాను. కాసేపటికి నాకే నవ్వొచ్చి చింపేశాను. "మీరన్నది నిజమే, పొరపాటు నాది" అని రాసి పంపాను.

ఎలా జరిగిందో తెలుసుకోవాలని పాత ఫైళ్లు తిరగేశాను. 19వ అధ్యాయం మొదటి ఏడాది రాసినది. అప్పటికి పెద్దమ్మ నిక్షేపంగా ఉంది. మూడో ఏడాది, కథ నడుమ చప్పబడిపోయిందనిపించి, 7వ అధ్యాయంలో ఆవిడను చంపాను. చంపిన ఉత్సాహంలో 8, 9, 10 అధ్యాయాలు సరిచేశాను. ఆపైన కథలో ఆవిడకు పనేమీ లేదని గట్టి నమ్మకం. తలుపు తీయడం కూడా పనేనని తోచలేదు.

ఆ రోజు పుస్తకం మూసి వెనక అట్ట చూస్తూ కూర్చున్నప్పుడు కంటబడింది ఐఎస్‌బీఎన్ సంఖ్య. పుస్తకానికి ఆనవాలుగా ఇచ్చే ఈ సంఖ్యలో ఒకప్పుడు పది అంకెలుండేవి, 2007 జనవరి 1 నుంచి పదమూడు ఉంటున్నాయి. వాటిలో చివరి అంకెకు సొంత అర్థమేమీ లేదు. దేశాన్నో భాషనో ప్రచురణకర్తనో అది సూచించదు. ముందున్న 12 అంకెలను ఒకదాన్ని 1తో, పక్కదాన్ని 3తో, ఇలా మార్చి మార్చి గుణించి కూడాలి. ఆ మొత్తానికి చివరి అంకె చేరిస్తే 10తో శేషం లేకుండా భాగం పోవాలి. ఎక్కడ ఏ ఒక్క అంకె తప్పు కొట్టినా భాగం పోదు, దొంగ దొరికిపోతాడు. అంటే పన్నెండు అంకెల మీద నమ్మకం చాలక పదమూడోదాన్ని కాపలా పెట్టారన్నమాట. నా నవలలో 90 వేల మాటలున్నాయి. కాపలా ఒక్కటి లేదు.

నేను వాదించదలచుకున్నది దీని గురించే. సొంతంగా రాసి సొంతంగా అచ్చు వేసుకునే నవలాకారులు తమకు లేనివేమిటో చెప్పమంటే ప్రచారం లేదంటారు, పంపిణీ లేదంటారు, సమీక్షలు రావంటారు. అవన్నీ నిజమే. కానీ వాటికి ముందే లేనిది ఇంకొకటి ఉంది. "ఇంకా కాలేదు" అని చెప్పేవాళ్లు లేరు. మన పనిలో ఎదురయ్యేవన్నీ మనతో ఊఁ అనేవే. లెక్క ఊఁ అంటుంది, స్ఫూర్తి ఊఁ అంటుంది, చివరికి ప్రచురణ మీట కూడా నొక్కగానే ఊఁ అంటుంది. ఉహూఁ అనే గొంతును మనమే వెతికి తెచ్చుకోవాలి, అవసరమైతే డబ్బిచ్చి తెచ్చుకోవాలి. అది లేకుండా ఎంత వేగంగా రాసినా, ఎంత అందంగా అచ్చు వేసినా, పెద్దమ్మ తలుపు తీస్తూనే ఉంటుంది.

ముందు లెక్క సంగతి. నవల ఎంతవరకు వచ్చిందని ఎవరైనా అడిగితే చెప్పడానికి చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా. కాబట్టి అంకె చెబుతాం. "నలభై వేలు దాటింది" అంటే వినేవాడికి ఏదో అర్థమైనట్టుంటుంది, చెప్పేవాడికి ఏదో సాధించినట్టుంటుంది. నెల రోజుల్లో 50 వేల మాటలు రాయాలనే పందెం అమెరికాలో 1999లో చిన్నగా మొదలై ప్రపంచమంతా పాకింది. లెక్క కడితే రోజుకు 1,667 మాటలు. దాన్ని నడిపిన సంస్థ 2025లో మూతపడింది గాని, అది అలవాటు చేసిన లెక్క మూతపడలేదు. నేనూ ఒక నోటుబుక్కు పెట్టుకున్నాను. తేదీకి ఒక గడి, ఆనాటి మాటలకు ఒక గడి, మొత్తానికి ఒక గడి. రెండేళ్లపాటు ఒక్క రోజు తప్పకుండా నింపాను.

ఆ నోటుబుక్కును ఈ మధ్య మళ్లీ చూశాను. అందులో తీసివేతకు గడి లేదు. అది గీసుకున్న రోజున నాకు ఆ లోటు తెలియలేదు. తరవాత, ఒక రాత్రి నాలుగు వేల మాటల ప్రకరణం మొత్తం పనికిరాదని తేలినప్పుడు, దాన్ని కొట్టేస్తే "మొత్తం" గడిలో ఏమి రాయాలన్న బెంగ పట్టుకుంది. నవ్వకండి. ఆ బెంగతో ఆ ప్రకరణాన్ని ఏడు నెలలు అట్టేపెట్టాను. చెడిపోయిందని తెలిసీ గిన్నె బరువుగా ఉందని పారబోయనట్టు. కథను చక్కబెట్టిన రోజులు ఆ నోటుబుక్కులో సోమరి రోజులుగా నమోదయ్యాయి. ఊకదంపుడు రాసిన రోజులు ఘనంగా వెలుగుతున్నాయి.

లెక్క పెట్టి రాసేవాళ్లంతా ఆంథొనీ ట్రొలోప్ పేరు చెబుతారు. 19వ శతాబ్దపు ఆంగ్ల నవలాకారుడు, తపాలా శాఖ ఉద్యోగి, 47 నవలలు రాసినవాడు. తెల్లవారుజామున అయిదున్నరకల్లా బల్ల ముందు కూర్చుని, గడియారం ఎదురుగా పెట్టుకుని, పావుగంటకు 250 మాటల చొప్పున రాసేవాడినని ఆయనే తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. ఆయన పోయాక 1883లో ఆ పుస్తకం వెలువడింది. ఇంత యాంత్రికంగా రాసేవాడా అని ఆయన కీర్తి కొంత మసకబారిందని కూడా అంటారు. పావుగంటకు 250 మాటలన్న సంగతి అందరికీ గుర్తుంది. అదే చోట ఆయన చెప్పిన మరో సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. రోజూ ఉదయం మొదటి అరగంట ఆయన ముందురోజు రాసింది చదువుకునేవాడు. మాటల జత కుదిరిందో లేదో చెవితో తూచుకునేవాడు. మూడు గంటల పనిలో అరగంట, అంటే ఆరో వంతు, వెనక్కి చూడటానికే. ఆయన కాపలా అది. మనం ఆయన దగ్గర గడియారాన్ని తెచ్చుకుని ఆ అరగంటను అక్కడే వదిలేశాం.

ఇప్పుడు స్ఫూర్తి. దీని గురించి మాట్లాడాలంటే నాకు కొంచెం భయం. దాన్ని నమ్మనివాడిని కాను. ఒక తెల్లవారుజామున, పూర్తిగా మెలకువ రాకముందే, కళ్ల ముందు ఒక బొమ్మ కనిపించింది. వంతెన నడిమధ్యన ఒక ముసలాయన గొడుగు తెరిచి పట్టుకుని నిలబడి ఉన్నాడు. వాన లేదు, ఎండా లేదు. గొడుగులో ఒక ఊచ విరిగి గుడ్డ ఒక పక్కకు జారి ఉంది. ఆయన దాన్ని తల మీద కాకుండా పక్కన ఎవరో ఉన్నట్టు కాస్త అవతలికి వంచి పట్టుకున్నాడు. అంతే. లేచి కూర్చుని రాయడం మొదలుపెడితే పదకొండు రోజులపాటు ఆగలేదు. పదకొండు వేల మాటలు వచ్చాయి. నా నోటుబుక్కు చరిత్రలో అది స్వర్ణయుగం.

ఆ ముసలాయనకు నా కథతో ఏ సంబంధమూ లేదు. ఆ సంగతి ఒప్పుకోవడానికి అయిదు నెలలు పట్టింది. ఆ అయిదు నెలల్లో ఆయనకు చుట్టరికాలు కల్పించాను. ఒకసారి కథానాయకుడి తాతను చేశాను, ఒకసారి పాత ఇంటి యజమానిని చేశాను. ఏదీ అతకలేదు. తీసేయడానికి మాత్రం చేతులు రాలేదు. కారణం ఒక్కటే: అది "దానంతట అదే వచ్చింది". కష్టపడి రాసినదాన్ని కొట్టేయగలం గాని, అయాచితంగా వచ్చినదాన్ని కొట్టేయాలంటే దేవుడి ప్రసాదం పారేసినట్టుంటుంది. స్ఫూర్తితో వచ్చిన చిక్కు ఇదే. వచ్చేటప్పుడు అది తన అర్హత పత్రం కూడా తానే రాసుకుని వస్తుంది.

ఫ్రెంచి గణితవేత్త ఆన్రీ పొయాంకరే అనుభవం ఒకటి ఈ సందర్భంలో తరచూ చెబుతుంటారు. చాలా రోజులు కుస్తీ పట్టిన సమస్య ఒకటి పక్కన పెట్టి ఆయన ఒక భూగర్భశాస్త్ర యాత్రకు వెళ్లాడు. గుర్రబ్బండి ఎక్కుతూ మెట్టు మీద కాలు పెట్టిన క్షణాన జవాబు తళుక్కుమంది. కాబట్టి పని ఆపి తిరగండి, అదే వస్తుంది అని ఈ కథకు తాత్పర్యం చెబుతారు. ఆయన 1908లో చెప్పింది అది కాదు. ఆ మెరుపుకు ముందు రోజుల తరబడి తెలివితో చేసిన పని ఉండాలని, మెరుపు తరవాత కూడా తెలివితో చేసే పని ఉండాలని ఆయన నొక్కి చెప్పాడు. ఆ బండిలో ఆయన కూర్చున్నాడు, తోటివాళ్లతో మాటల్లో పడ్డాడు, ఊరికి తిరిగివచ్చాక తీరుబడిగా కూర్చుని తనకు తట్టింది నిజమో కాదో సరిచూసుకున్నాడు. పూర్తి నమ్మకం కలిగినా సరిచూసుకున్నాడు, మనస్సాక్షి కోసం. గణితంలో సరిచూసుకునే పద్ధతి ఒకటి ఉంది, అది ఆయన అదృష్టం. గొడుగు ముసలాయనను సరిచూడటానికి సూత్రమేమీ లేదు. అయినా ఒక ప్రశ్న వేసుకోవచ్చు: ఈయనను తీసేస్తే కథలో ఏది కూలుతుంది? ఏదీ కూలకపోతే బొమ్మ ఎంత అందమైనదైనా అది ఈ ఇంటి దూలం కాదు. ఆ ప్రశ్న వేసుకోవడానికి నాకు అయిదు నెలలు పట్టిందంటే, దాన్ని వేసేవాళ్లు ఇంకెవరూ లేకపోవడం వల్లే.

(గొడుగు వృథా పోలేదు. ఇప్పుడు రాస్తున్న నవలలో వేరే పాత్ర చేతికి వచ్చింది. రెండు వాక్యాల్లో. పదకొండు వేల మాటల్లో బతికినవి ఆ రెండే.)

ఇక తిరగరాత. ఇందులో కంప్యూటర్ చేసే మేలు ఎంతో, చేటూ అంతే. మొదటి నవలలో కథానాయకుడి పేరు రవి. చివరి చిత్తుప్రతి దశలో ఎందుకో ఆ పేరు మరీ పొట్టిగా, పలచగా అనిపించి మధు అని మార్చుదామనుకున్నాను. "అన్నిచోట్లా మార్చు" అని ఆదేశించాను. వెయ్యికి పైగా చోట్ల రెప్పపాటులో మారిపోయింది. ముచ్చటపడి, ఆ రాత్రి హాయిగా పడుకున్నాను. రెండు రోజుల తరవాత ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను: "తోటలో అమధుచ్చిన మొగ్గలు." ఇదేమి మాట? చాలాసేపు చూశాక వెలిగింది. అరవిచ్చిన మొగ్గలు. మాట మధ్యలో దాక్కున్న రవిని కూడా యంత్రం వదిలిపెట్టలేదు. అక్కడి నుంచి వేట. అరవింద అనే అమ్మాయి అమధుంద అయింది. ఎవరో భైమధు రాగం ఆలపిస్తున్నారు. ఒక కుర్రవాడు దూమధుద్యలో డిగ్రీ చదువుతున్నాడు. అన్నీ పట్టుకున్నాననుకున్నాను. పుస్తకం అచ్చయ్యాక ఒక మిత్రుడు ఫోను చేసి, "ఈ భైమధు ఎవరు, కర్ణాటక సంగీతంలో కొత్త ప్రయోగమా?" అని అడిగాడు.

ఆ పుస్తకాన్ని ముద్రణకు పంపిన తీరు కూడా చెప్పాలి. ఆర్డరు వచ్చినప్పుడే ఒక్కో ప్రతి అచ్చు వేసే పద్ధతిలో పుస్తకం వెన్ను ఎంత వెడల్పుండాలో మనమే లెక్క కట్టి అట్ట తయారుచేసుకోవాలి. క్రీమ్ రంగు కాగితానికి పేజీకి 0.0025 అంగుళాల చొప్పున లెక్కేస్తారు. నా అట్ట గీయించే నాటికి పుస్తకం 268 పేజీలు, అంటే 0.67 అంగుళాల వెన్ను. తరవాత అక్షరాల సైజు కాస్త పెంచాను, అంచులు వదిలాను, పేజీలు 312 అయ్యాయి. వెన్ను 0.78 కావాలి. తేడా మూడు మిల్లీమీటర్లు కూడా లేదు. కానీ అట్ట అంత పొట్టిగా ఉంటే ముఖచిత్రం అంచు వెన్ను మీదకు పాకుతుంది, వెన్ను మీది పేరు ఒక పక్కకు ఒరుగుతుంది. ముద్రణ సంస్థ కంప్యూటర్ ఆ ఫైలును వెంటనే తిప్పికొట్టింది. సరిచేసి పంపితే మళ్లీ తిప్పికొట్టింది. 300 పేజీలు దాటాక బైండింగు వైపు అంచు ఇంకాస్త ఎక్కువ వదలాలట, లేకపోతే వాక్యాల మొదళ్లు కుట్టులోకి పోతాయి. అదీ సరిచేశాను. మూడోసారి పంపితే ఆమోదించామని సందేశం వచ్చింది.

ఆ సందేశం చూసిన ఆనందంలో నమూనా ప్రతి తెప్పించుకుని చదవకుండానే పుస్తకం విడుదల చేసేశాను. ఇప్పుడు తలచుకుంటే ఇక్కడే అంతా ఉందనిపిస్తుంది. పుస్తకం ఒంటికి యంత్రం దగ్గర కొలతలున్నాయి. అంచు చాలదంది, వెన్ను సన్నమంది, బొమ్మ మసకగా ఉందంటుంది. లోపల చనిపోయిన మనిషి లేచి వచ్చి తలుపు తీస్తే దానికి పట్టదు. రెండుసార్లు తిరస్కరించి మూడోసారి ఆమోదించేసరికి, ఎవరో పెద్దలు నా నవలను చదివి, తప్పులు దిద్దించి, ఆఖరికి సరేనన్నట్టు నాకు భ్రమ కలిగింది.

ఒకప్పుడు ఈ భ్రమకు ఆస్కారం తక్కువ. అచ్చుయంత్రం మీద ఒక్క ప్రతి కోసం పలకలు బిగించినా, వెయ్యి ప్రతుల కోసం బిగించినా, బిగించే ఖర్చు ఒకటే. కాబట్టి ఒకేసారి వందలో వేలో వేయాలి. కాగితం ముందే కొనాలి, అచ్చయినవి దాచడానికి చోటు చూసుకోవాలి. అంత డబ్బు పెట్టే ముందు ఎవరికైనా ఒక రాత్రి నిద్ర పట్టదు. ఆ నిద్ర పట్టని రాత్రి ఒక ఎడిటర్ చేసే పని చేసేది. ఇప్పుడు మొదటి ప్రతికి అయ్యే ఖర్చూ, వందో ప్రతికి అయ్యే ఖర్చూ దాదాపు ఒకటే, అదీ కొనేవాడు వచ్చాకే. 2007 నవంబరులో ఈ-బుక్‌లు చదివే అమెజాన్ పరికరం కిండిల్‌తో పాటే ఎవరైనా తమ పుస్తకాన్ని తామే ఈ-బుక్‌గా పెట్టుకునే వీలు వచ్చాక, ఆ కాగితం ఖర్చు కూడా పోయింది. ఈ మార్పును నేను తిట్టడం లేదు. నా పుస్తకం వచ్చిందే దానివల్ల. ఖర్చుతో పాటు ఆ నిద్ర పట్టని రాత్రి కూడా పోయిందని, దాని బదులు ఏదీ రాలేదని అంటున్నాను.

సొంత ప్రచురణ అనగానే మూతి విరిచేవాళ్లు ఇంకా ఉన్నారు. ఏ ప్రచురణకర్తా తీసుకోకపోతే తానే అచ్చు వేసుకున్నాడు అంటారు. వాళ్లకు నేను చెప్పే జవాబు అన్నా దస్తయేవ్‌స్కీ కథ. 1866 అక్టోబరులో, గడువులోపు నవల ఇవ్వకపోతే తన రచనల హక్కులు ఒక ప్రచురణకర్తకు ధారపోయాల్సిన ఇరకాటంలో పడి, రష్యన్ నవలాకారుడు దస్తయేవ్‌స్కీ ఒక నవలను 26 రోజుల్లో నోటితో చెబితే ఇరవయ్యేళ్ల అన్నా సంక్షిప్తలిపిలో రాసుకుంది. ఈ 26 రోజుల సంగతి లెక్కలవాళ్లకు మహా ఇష్టం. వాళ్లు వదిలేసేది ఆ రోజుల దినచర్య. పగలు ఆయన చెప్పేవాడు, రాత్రి ఇంటి దగ్గర ఆమె దాన్ని మామూలు రాతలోకి మార్చేది, మర్నాడు ఆయన దాన్ని చదివి దిద్దేవాడు. అంత తొందరలోనూ ప్రతి పేజీ రెండో జత కళ్ల ముందు నుంచి పోయింది, మళ్లీ ఆయన కళ్ల ముందుకూ వచ్చింది.

కొన్ని నెలలకు వాళ్లకు పెళ్లయింది. 1873 జనవరిలో, ఎప్పుడూ అప్పుల్లోనే ఉన్న ఆ ఇంట్లో, ఆయన మరో నవలను ఆమె సొంతంగా ప్రచురించింది. ముద్రాపకులను, పుస్తకాల వ్యాపారులను కలిసి కాగితం, అచ్చు, కమీషన్ల మర్మమంతా ఆరా తీసి, 3,500 ప్రతులు వేయించింది. ఇంటి నుంచే అమ్మింది, ఆ ఏడాది చివరికల్లా చాలామటుకు అమ్మేసింది. ఆ తరవాత కూడా ఆయన పుస్తకాలు ఆమే ప్రచురించింది. సొంత ప్రచురణ అంటే ఓడిపోయినవాడి ఆఖరి దారి అనేవాళ్లు ఈమె పద్దులు చూడాలి. ఆ నవల అప్పటికే ఒక పత్రికలో ధారావాహికగా వచ్చి, ఒక ఎడిటర్ చేతి కింద నలిగి ఉందని మనవాళ్లూ గుర్తుంచుకోవాలి. ప్రచురించడం వరకే అది సొంతం. రాయడంలో, దిద్దడంలో, అమ్మడంలో ఇంకో మనిషి ఉంది.

ఇక్కడ ఎవరో ఒకరు నన్ను ఆపాలి, నా వాదంలో ఒక చిల్లు ఉంది కాబట్టి. ఆ పత్రిక ఎడిటర్ కత్‌కోవ్ ఆ నవలలోని ఒక అధ్యాయాన్ని వేయనని ఖరాఖండిగా చెప్పాడు. ఆ అధ్యాయంలో ఒక పాత్ర చేసిన ఘోరమైన నేరాన్ని ఒప్పుకోవడం ఉంది. దస్తయేవ్‌స్కీ తిరగరాసి ఇచ్చినా వేయలేదు. భార్యే ప్రచురణకర్త అయిన 1873 ముద్రణలో కూడా అది చేరలేదు. చివరికి 1922లో, ఆయన పోయిన నలభై ఏళ్ల తరవాత, అచ్చయింది. ఆ నవలకు అదే గుండెకాయ అని ఈనాడు చెప్పేవాళ్లు చాలామంది. అంటే కాపలావాడు దొంగను కాకుండా ఇంటి యజమానినే బయట నిలబెట్టవచ్చు. ఎవరూ చదవరని, అమ్మకం కాదని, ఇప్పటి రుచి ఇది కాదని పుస్తకాలను తొక్కిపెట్టిన ఎడిటర్లు అన్ని కాలాల్లోనూ ఉన్నారు. సొంత ప్రచురణ పుట్టిందే అలాంటివాళ్ల మీద విసుగుతో.

ఒప్పుకుంటాను. అందుకే ఉహూఁ అనే మనిషికి తాళంచెవి ఇవ్వకూడదు. ఆ మనిషి చెప్పాలి, నేను వినాలి, నిర్ణయం నాది కావాలి. స్వతంత్ర రచయితకున్న అసలు సౌకర్యం ఇదే. ప్రచురణ సంస్థలో ఉహూఁ అన్నవాడికే తలుపు మూసే అధికారం కూడా ఉంటుంది. ఇక్కడ ఆ రెంటినీ విడదీయవచ్చు. మనలో చాలామంది ఏమి చేస్తున్నామంటే, తలుపు మూసేవాణ్ని వదిలించుకునే ఊపులో ఆ గొంతును కూడా వదిలించుకుంటున్నాం.

"పెద్ద పెద్ద రచనలన్నిటినీ మొదట తిప్పిపంపారు తెలుసా" అని ఓదార్చుకునే అలవాటు మీద కూడా నాకు కోపముంది. తిప్పిపంపినవాటిలో ఆ పెద్ద రచనల పేర్లే మనకు తెలుసు. వాటి పక్కన పోస్టులో తిరిగొచ్చి అటకెక్కిన వేల రాతప్రతులకు ఆ తిరస్కారం న్యాయమేనేమో. నా మొదటి నవలను ఎవరైనా తిప్పిపంపి ఉంటే నేను కూడా ఆ ఓదార్పే చెప్పుకునేవాణ్ని. పెద్దమ్మ మాత్రం 19వ అధ్యాయంలో అలాగే ఉండేది.

ఇప్పుడేమి చేస్తున్నానంటే, గొప్ప పద్ధతులేమీ లేవు. ఒక పెద్ద అట్ట మీద పట్టిక గీసి గోడకు తగిలించాను. అడ్డంగా అధ్యాయాలు, నిలువుగా పాత్రలు. ఏ అధ్యాయంలో ఎవరి వయసెంత, ఎక్కడున్నారు, ఒంట్లో ఎలా ఉంది, ఎవరికి ఏమి తెలుసు. చనిపోయినవాళ్ల వరసలో ఆపైన గళ్లన్నీ నల్లరంగుతో నింపేస్తాను. చూడటానికి బాగుండదు గాని నల్లగడి తలుపు తీయదు. రాసినదాన్ని వేరే అక్షర రూపంలోకి మార్చి, కాగితం మీద వేసి, గట్టిగా చదువుతాను. కంటికి అలవాటైన వాక్యం చెవికి కొత్తగా వినబడుతుంది. ఊపిరి అందని చోట వాక్యం పొడుగని తెలుస్తుంది. చదువుతూ నేనే పేజీ దాటవేస్తున్నానంటే ఆ పేజీ పని అయిపోయినట్టే.

నలుగురికి ఇచ్చి చదివించడం అన్నిటికంటే కష్టం. మొదటి నవలప్పుడు నేనూ చదివించాను, ఆరుగురికి. "ఎలా ఉంది?" అని అడిగాను. ఆరుగురూ "బాగుంది" అన్నారు. ఆ ప్రశ్నకు మర్యాద తెలిసినవాళ్లు ఇంకేమంటారు? ఎదుటి మనిషి నాలుగేళ్లు కూర్చుని రాసింది చేతిలో పెట్టి కళ్లలోకి చూస్తుంటే! ఇప్పుడు ప్రశ్న మార్చాను. రాతప్రతితో పాటు ఒక పెన్సిలు ఇస్తున్నాను. ఏమీ రాయనక్కరలేదు, అభిప్రాయం చెప్పనక్కరలేదు, చదువుతూ ఎక్కడ పక్కన పెట్టి లేచారో అక్కడ అంచులో ఒక గీత గీయండి, అర్థం కాని చోట ప్రశ్నార్థకం పెట్టండి, అంతే. ఇద్దరు ముగ్గురి గీతలు ఒకే పేజీలో పడితే నాకు తెలియాల్సింది తెలుస్తుంది. వాళ్ల మర్యాదకూ భంగం లేదు. ఎందుకు లేచారని ఎవరినీ అడగను. ఫోను మోగి లేచి ఉండవచ్చు. కానీ మంచి పేజీలో ఉన్న మనిషి ఫోను మోగినా కాసేపు లేవడు.

డబ్బిచ్చి దిద్దించుకునేవాళ్లకు ఒక్క మాట. అచ్చుతప్పులు దిద్దేవాళ్ల పని చివరిది. కథ నిర్మాణం చూసేవాళ్లు వేరు, వాక్యం చక్కదిద్దేవాళ్లు వేరు, తప్పొప్పులు చూసేవాళ్లు వేరు, ఆ వరసలోనే వాళ్లతో పని. చేతిలో ఉన్న కొద్ది డబ్బునూ చాలామంది మూడో పనికి ఖర్చుపెడతారు, చూడగానే ఫలితం కనిపిస్తుంది కాబట్టి. రేపు కొట్టేయబోయే ప్రకరణంలో దీర్ఘాలూ ఒత్తులూ సరిచేయించడానికి నేనూ ఖర్చుపెట్టాను. భైమధును పట్టుకోవడానికి కూడా అది సరిపోలేదు.

మొదటి నవల తప్పులు తరవాత దిద్దాను. ఈ-బుక్‌లో పెద్దమ్మ బదులు పక్కింటి అమ్మాయి చేత తలుపు తీయించడానికి గంట కూడా పట్టలేదు. ఆ రోజు తరవాత అచ్చయిన ప్రతుల్లోనూ పక్కింటి అమ్మాయే ఉంది. అంతకు ముందు అమ్ముడైన ప్రతులు ఎవరి ఇళ్లలో ఉన్నాయో, ఆ ఇళ్లలో ఆవిడ ఇంకా బతికే ఉంది. ఎప్పుడైనా దిద్దుకోవచ్చన్నది ఈ కాలపు వరమే. ఆ ధీమాతోనే తొందరపడతామని దాన్ని తిట్టుకుంటాను కూడా.

రెండో నవలకు ఇది నాలుగో ఏడు. ఎంతవరకు వచ్చిందని అడిగితే అంకె చెప్పడం మానేశాను. పోయిన నెల ఒక పాఠకమిత్రురాలికి 340 పేజీల రాతప్రతి, ఒక పెన్సిలు ఇచ్చాను. పద్దెనిమిది రోజులకు తిరిగి ఇచ్చారు. 140వ పేజీ దాకా ఎక్కడా గీత లేదు, నాకు రెక్కలొచ్చాయి. 141లో ఒక గీత, 163లో ఒకటి. 212వ పేజీలో, నేను ఈ నవల మొత్తంలో ఎక్కువగా ఇష్టపడే సంభాషణ పక్కన, అంచులో ఒక ప్రశ్నార్థకం. ముందు పలచగా పెట్టి, మళ్లీ దాని మీదే ఒత్తి దిద్దారు. అర్థం కానిది సంభాషణా, అది అక్కడ ఎందుకుందన్నదా? నాలుగు రోజులుగా ఆ పేజీ బల్ల మీదే ఉంది. రెండుసార్లు ఫోను చేతిలోకి తీసుకుని పెట్టేశాను. ఇందాక గోడ మీది పట్టిక దగ్గరికి వెళ్లి, ఆ అధ్యాయంలో "ఎవరికి ఏమి తెలుసు" అన్న గడి చూశాను. అందులో నేను ఏమీ రాయలేదు.